లేని చేతి మంట

వేణుగోపాల్ గారి మొదటి పాఠం ఏటా ఒకలాగే మొదలయ్యేది. బి.ఏ. మొదటి సంవత్సరం పిల్లలను కళ్లు మూసుకుని కాసేపు ఊరికే కూర్చోమనేవారు. కళ్లు తెరిచాక, "ఇంతసేపూ మీ లోపల ఏం జరిగిందో చెప్పండి" అనేవారు. ఒకడు ఆకలేసిందనేవాడు. ఒకమ్మాయి బయట లారీ హారను వినబడిందనేది. వెనక బెంచీలోంచి ఎవడో "ఏమీ జరగలేదు సార్, ఖాళీ" అనేవాడు. తరగతి నవ్వేది. ఆ నవ్వు అణిగాక ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే.

"ఖాళీగా ఉందని చూసిందెవరు?"

అక్కణ్ణించి మనస్తత్వశాస్త్రం పుట్టుక చెప్పుకొచ్చేవారు. పేర్లు పరీక్షల ముందు రాయిస్తాననీ, ముందు తగాదా ఏమిటో తెలుసుకోమనీ అనేవారు. మనసును, దేహాన్ని రెండు వేరు పదార్థాలుగా ఒక ఫ్రెంచి తత్త్వవేత్త విడదీసిపెట్టాడు. ఉన్నదంతా అనుభవమే, ఒకదానినొకటి అంటిపెట్టుకుని వచ్చే తలపుల వరసే మనసు అని ఇంగ్లీషువాళ్లు వాదించారు. మనసును లెక్కలోకి తేలేం గనక దాని గురించిన విద్య అసలైన సైన్సు కాలేదని ఒక జర్మన్ పండితుడు తీర్పు చెప్పాడు. ఆ తీర్పును లక్ష్యపెట్టకుండా అదే దేశంలో మరొకాయన మనుషుల చేతికి రెండు బరువులిచ్చి ఏది ఎక్కువో చెప్పమన్నాడు. చివరికి 1879లో లైప్‌జిగ్ నగరంలో ఒక ప్రొఫెసరు విశ్వవిద్యాలయంలో చోటు సంపాదించి దానికి ప్రయోగశాల అని పేరు పెట్టాడు. "ఆ గది దొరికాకే మన శాస్త్రం తత్త్వశాస్త్రం ఇంట్లోంచి బయటికొచ్చి వేరు కాపురం పెట్టింది" అనేవారు వేణుగోపాల్ గారు.

ఆయనకూ అలాంటి గది ఒకటి ఉండేది. గుంటూరులో ఒక ఎయిడెడ్ కాలేజీలో, వరండా చివర, సైకిలు స్టాండును ఆనుకుని. అందులో బరువుల పెట్టె, శ్రుతిదండాలు, తిప్పితే రంగులన్నీ కలిసిపోయే చక్రం, అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించే బల్ల. ఆయన వాల్తేరులో ముందు తత్త్వశాస్త్రం, తరవాత మనస్తత్వశాస్త్రం చదివి వచ్చారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో అడిగేవాళ్లు మొదట్లో ఉండేవారు, తరవాత లేరు. బ్రాడీపేటలో మేడమీద ఒక వాటా, మెస్సులో భోజనం. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక కూడా ఆయన ల్యాబులోనే కూర్చునేవారు. ఎదురుగా కుర్చీ ఉండేది. అది ప్రయోగానికి కూర్చునే మనిషి కోసం వేసింది.

1998 చివర్లో కాలేజీ కార్యదర్శి నాగేంద్రబాబు గారు ఆయన్ను పిలిపించారు. నాగేంద్రబాబు పత్తి జిన్నింగు మిల్లు యజమాని. కాలేజీ పైఅంతస్తు ఆయన చలవతో లేచిందే.

"కూర్చోండి మాష్టారూ. ఆ గదిలో ఏం జరుగుద్దండీ అసలు?"

"ప్రయోగాలండీ."

"ఎవరి మీద?"

"పిల్లల మీదే. ఒకరి మీద ఒకరు చేసుకుంటారు."

"ఫిజిక్సువాళ్లు ప్రయోగం చేస్తే లైటు వెలుగుద్ది. మీ దాంట్లో ఏం వెలుగుద్దండీ?"

వేణుగోపాల్ గారు నవ్వలేదు. నాగేంద్రబాబు కూడా నవ్వు ఆపేసి ముందుకు వంగారు. "మీరేం అనుకోవద్దు. కంప్యూటర్లు ఎప్పుడు పెడతారని తల్లిదండ్రులు గేటు దగ్గరే పట్టుకుంటున్నారు. మీ గ్రూపులో చూస్తే ఖాళీ బెంచీలే కనపడుతున్నాయి. ఏప్రిల్లో యూనివర్సిటీ వాళ్లు తనిఖీకొస్తారు. ఏదైనా ఒకటి చూపించండి. ఇదీ సైన్సే, ఇక్కడా పని జరుగుతోందని వాళ్లంటే గది మీది. అనకపోతే వేసవిలో కంప్యూటర్లు దింపేస్తా."

న్యాయంగా చూస్తే ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. ఒక విద్య సైన్సో కాదో రుజువు చూపించమని శతాబ్దాలుగా ఎందరో అడిగారు. గడువు పెట్టి అడిగినవాడు నాగేంద్రబాబు ఒక్కడే.

ఆ వారమే తరగతిలో వేణుగోపాల్ గారు ఆ ఫ్రెంచి తత్త్వవేత్త రాసిన ఒక సంగతి చెప్పారు. ఒక పిల్లకు చెయ్యి కుళ్లితే వైద్యులు మోచేతి దాకా తీసేశారు. ఆ సంగతి ఆమెకు తెలియనీయలేదు, గుడ్డలు చుట్టి ఉంచారు. ఆ పిల్ల మాత్రం ఈ వేలు నొప్పి, ఆ వేలు నొప్పి అని లేని వేళ్లను చెప్పి ఏడ్చేదట.

శిల్ప అనే అమ్మాయి లేచి నిలబడింది. "మా ఊళ్లో కూడా ఉంది సార్, ప్రత్తిపాడులో. కొండమ్మని. కారంమిల్లు బెల్టులో చెయ్యి పోయింది. లేని చెయ్యి మండుతోందంటుంది. గాలి సోకిందని కొందరు, పని ఎగ్గొట్టడానికని కొందరు అంటారు."

జనవరిలో ఒక ఆదివారం వేణుగోపాల్ గారు ప్రత్తిపాడు బస్సెక్కారు. దిగి ఊరి చివరిదాకా నడవాలి. కల్లాల్లో తొలికోత కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, ఘాటు ముక్కుకు తగులుతోంది. కొండమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. అరవై దగ్గర పడ్డ మనిషి. పెళ్లయిన నాటి నుంచి ఆమె పని మిరపకాయలకు తొడిమలు తీయడం, ఆ పని లేని నెలల్లో మిల్లు. కుడిచెయ్యి మోచేతి కింద లేదు. పైట కొంగు దాని మీద కప్పుకుని ఉంది.

వచ్చిన పని చెప్పి, ఫ్రెంచి పిల్ల కథ కూడా చెప్పారాయన. కొండమ్మ కదలకుండా వింది.

"అయితే ఆ పిల్ల అబద్ధమాడలేదన్నమాట" అంది చివరికి.

"లేదమ్మా. నువ్వూ ఆడటం లేదు."

కొండమ్మ మొండిచేతి మీది కొంగు సర్దుకుంది. "ఉన్న చెయ్యి మండితే ఊదుకుంటాం సారూ. లేనిదాన్ని యాడ ఊదేది? మొదట్లో ఊరంతా వచ్చి అడిగారు. ఇప్పుడు ఎవురూ అడగరు. మా కోడలు కూడా అడగదు. దాని తప్పేముందిలే, ఎన్నిసార్లని అడుగుద్ది."

ఊళ్లో పెద్దవాళ్లకు ఒక సిద్ధాంతం ఉంది. తీసేసిన చేతికి కారం అంటుకునే ఉందట, ఎవరూ కడిగి పూడ్చిపెట్టలేదట, అది ఎక్కడ పడివుందో అక్కడ మండుతూ ఆ మంట ఈమెకు పంపుతోందట. వేణుగోపాల్ గారు దీన్ని వెక్కిరించలేదు. మంట ఉంది కాబట్టి మండే చెయ్యి ఎక్కడో ఉండాలని ఊరు అనుకుంది. చెయ్యి లేకపోయినా మంట ఉంది కాబట్టి మంట ఉండే చోటు చెయ్యి కాదని తత్త్వవేత్త అనుకున్నాడు. రెండూ ఒకే సాక్ష్యం మీద కట్టిన వాదాలే.

మాటల మధ్యలో మంట వచ్చింది. కొండమ్మ ముఖం ముడుచుకుపోయింది. ఆమె పక్కనున్న చట్టిని దగ్గరికి లాక్కుని ఎడమచేతిని అందులో ముంచింది. చట్టిలో పుల్లమజ్జిగ. తొడిమలు తీసే ఆడవాళ్లంతా పొద్దున చేతులకు ఆముదం రాసుకుని కల్లానికి వెళతారు, పొద్దుగూకాక మజ్జిగలో చేతులు పెట్టుకుని కూర్చుంటారు. ఆ అలవాటే.

వేణుగోపాల్ గారు చట్టి దగ్గరికి జరిగారు. "అమ్మా, ఈ చెయ్యి ముంచితే ఆ చేతి మంట తగ్గుతుందా?"

కొండమ్మ ఆయన ముఖంలోకి చూసింది. చెమటకు తడిసి ఒంటికంటుకున్న చొక్కాకేసి చూసింది. "తగ్గుద్ది సారూ" అంది.

తిరుగు బస్సులో ఆయనకు కూర్చునే చోటు దొరకలేదు, ఆ సంగతి ఆయన గమనించనూ లేదు. ఇంగ్లీషు తత్త్వవేత్తల పాత మాట కళ్లముందు నిజమై నిలబడింది. అన్నేళ్ల పాటు మజ్జిగ, చల్లదనం, రెండు చేతులు కలిసే అనుభవానికి వచ్చాయి. ఇప్పుడు ఒక చెయ్యి ముంచితే, రెండో చేతి తలపు దాని వెంటే వచ్చి చల్లబడుతోంది. దీన్ని పద్ధతిగా కొలిచి చూపిస్తే అది ప్రయోగం. గది నిలబడుతుంది.

ఆ తరవాత ప్రతి ఆదివారం తప్పకుండా వెళ్లారు. ఒకసారి చట్టిలో మజ్జిగ, ఒకసారి నీళ్లు, ఒకసారి ఏమీ లేకుండా. మంట ఎంతుందో చెప్పడానికి కొలత కావాలి. ఆ కొలత కొండమ్మకు తెలిసిన సరుకులోంచే తీశారు: కారం అంతగా లేని బజ్జీకాయ అడుగున, బ్యాడిగ రకం నడుమ, నషాళానికంటే సన్నాలు పైన.

"ఇప్పుడు ఎంతమ్మా? బజ్జీ మిరపకాయంతా, బ్యాడిగంతా, సన్నాలంతా?"

"సన్నాలే సారూ, అందులోనూ ఎండినయ్యి."

"ఇప్పుడు మజ్జిగలో పెట్టు. ఇప్పుడో?"

"బజ్జీకాయకొచ్చింది సారూ."

నీళ్లలో పెడితే సన్నాలు సన్నాలుగానే ఉండేవి. మజ్జిగలో పెడితే దిగేవి. వారం తరవాత వారం అదే వరస. కోడలు నాగజ్యోతి కల్లం నుంచి వచ్చి వాకిట్లో నిలబడి చూసేది. "మా అత్తమ్మ ఆదివారం వచ్చిందంటే తల దువ్వించుకుంటది సారూ" అని ఒకసారి అంది. "నోర్మూసుకోయే" అంది కొండమ్మ. వెళ్లేముందు టీ ఇచ్చేవాళ్లు. వేణుగోపాల్ గారు బస్సు వేళ దాటిపోయినా కూర్చునేవారు, తరవాతి బస్సు ఉంటుందిలే అని.

మార్చిలో ఆయన గీసిన గీతపటాన్ని ఫిజిక్సు అల్లాబక్షు గారికి స్టాఫ్ రూములో చూపించారు. అల్లాబక్షు కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"నా స్ప్రింగు కూడా ఇంత మర్యాదగా సాగదండీ."

"అంటే?"

"ఏం లేదు. మా ల్యాబులో రీడింగులు ఇంత అందంగా వస్తే, పక్కవాడిది చూసి రాశావా అని అడుగుతాం. అంతే."

వేణుగోపాల్ గారికి కోపం వచ్చింది. కాయితం మడిచి లేచిపోయారు. మర్నాడు రెండో సంవత్సరం తరగతికి చెప్పాల్సిన పాఠం, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక జర్మన్ ప్రయోగశాలకూ ఒక అమెరికా ప్రయోగశాలకూ మధ్య నడిచిన తగాదా. ఆలోచన వచ్చేటప్పుడు మనసులో బొమ్మ ఏదీ లేదని ఒక చోట కూర్చున్నవాళ్లు చెప్పారు. బొమ్మ తప్పకుండా ఉందని రెండో చోట కూర్చున్నవాళ్లు చెప్పారు. ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరూ తమ లోపల చూసుకుని చెప్పినవాళ్లే. కాకపోతే ఎవరి గురువుకు ఏది కావాలో అదే వాళ్లకు కనిపించింది. లోపల చూసి చెప్పే పద్ధతి మీద నమ్మకం సడలడానికి ఆ తగాదా ఒక పెద్ద కారణం. ఏటా చెప్పే ఈ పాఠాన్ని ఆయన ఆ రోజు సగంలో ఆపేశారు. తలనొప్పి అని చెప్పి పిల్లల్ని పంపేశారు.

ఆ గురువారం ప్రాక్టికల్ పరీక్షల సెలవు. చెప్పకుండా ప్రత్తిపాడు వెళ్లారు.

అరుగు ఖాళీగా ఉంది. నాగజ్యోతి వాకిట్లో గిన్నెలు తోముతోంది, ఆయన్ను చూసి గిన్నె జారవిడిచింది. "ఇయ్యాల ఆదివారం కాదు గదా సారూ!"

"కాదమ్మా. ఎక్కడుంది?"

కొండమ్మ ఇంటి వెనక గోడకు ఒరిగి కూర్చుని ఉంది. మొండిచేతిని గోడకేసి అదిమిపెట్టి, కొంగు పళ్ల మధ్య కరిచిపట్టి, కళ్లు మూసుకుని ఉంది. ఆయన వచ్చింది ఆమెకు తెలియలేదు. ఆయన వెనక్కి తగ్గి వాకిట్లోకి వచ్చారు.

"మజ్జిగ ఇవ్వలేదేమ్మా?"

"మజ్జిగ యాడిది సారూ? గేదె ఒట్టిపోయి నెల దాటింది. మీరొచ్చే రోజుకి పక్కింటోళ్లనడిగి చట్టెడు తెస్తన్నా."

"మిగతా రోజుల్లో?"

నాగజ్యోతి చేతులు కొంగుకు తుడుచుకుంది. ఇక చెప్పేద్దామనుకున్నట్టు మొహం పెట్టింది. "మజ్జిగతో ఏం కాదు సారూ. మీరు తగ్గిందా అంటారు, ఆమె తగ్గింది అంటది. గుంటూరు నించి ఎండలో పడి వస్తన్నాడే, లేదని ఎట్టా అంటామే అంటది. పెద్ద చదువు చదూకున్న మనిషి మన అరుగు మీద కూసుంటే, ఆయనన్నది తప్పని చెప్తామా?" గొంతు తగ్గించింది. "ఇంకోటి గూడా అంటది. ఇంత ఊళ్లో నమ్మినోడు ఆయనొక్కడే, తగ్గలేదంటే పని కాలేదనుకుని ఇంక రాడేమోనంటది."

"ఏందే వాగుతున్నావ్?" కొండమ్మ మూల మలుపులో నిలబడి ఉంది.

వేణుగోపాల్ గారు అరుగు మీద కూర్చున్నారు, ఆమె కూడా వచ్చి ఎప్పటి చోటే కూర్చుంది.

"ఎప్పుడైనా తగ్గిందా అమ్మా?"

"ఒకోసారి దానంతటదే తగ్గుద్ది సారూ. మజ్జిగున్నా లేకున్నా."

"మొదటి రోజు?"

"అలవాటుకొద్దీ ముంచా. మీరు అడిగారు. మీ మొహం చూస్తే…" ఆమె మాట పూర్తి చేయలేదు. "తప్పయితే ఏమనుకోబోకండి."

"తప్పు నాది" అన్నారాయన. నిజమే. తగ్గుతుందా అని అడిగినవాడే జవాబు చేతిలో పెట్టాడు. ఈ ప్రాంతంలో ఇంటికొచ్చిన గురువుకు కాదని చెప్పే మనిషి ఉండదని, ఇక్కడే పుట్టి పెరిగిన ఆయనకు తెలియనిది కాదు.

ఏప్రిల్లో యూనివర్సిటీ నుంచి ముగ్గురు వచ్చారు. గీతపటం గోడకు అంటించే ఉంది. దాన్ని అలాగే వివరించి ఊరుకుంటే అడిగేవాళ్లు లేరు. ప్రత్తిపాడు వెళ్లి కొండమ్మను విచారించే తీరిక ఎవరికీ లేదు, విచారించినా ఆమె తగ్గుద్దనే చెబుతుంది. వేణుగోపాల్ గారు వరసగా అన్నీ చెప్పారు. బజ్జీకాయ కొలత చెప్పినప్పుడు ముగ్గురిలో పెద్దాయన ముచ్చటపడి తల ఊపారు. నాగేంద్రబాబు గుమ్మంలో నిలబడి ఆ తల ఊపడం చూశారు.

"ఇందులో కొలతలన్నీ తప్పండీ" అన్నారు అప్పుడు వేణుగోపాల్ గారు. "నేను కొలిచింది నొప్పిని కాదు. నా మీద ఆమెకున్న మన్ననని."

పెద్దాయన గీతపటం వైపు మళ్లీ చూశారు. "అయితే ఫలితం లేదంటారా?"

"నొప్పి ఉంది. దానికి ఉపశమనం దొరికిందన్నది అబద్ధం. ఆ రెంటినీ విడదీయగలిగాను. అంతవరకు."

వాళ్లు మర్యాదగా విన్నారు. ఏదో రాసుకున్నారు. తరవాత లైబ్రరీ చూడటానికి వెళ్లిపోయారు. వరండాలో నాగేంద్రబాబు ఆయన్ను ఆపారు.

"చూపించమన్నా గానీ కడిగేసుకోమన్నానా మాష్టారూ? ఆ ఆఖరి ముక్క ఎవరడిగారు మిమ్మల్ని?" ఆయన గొంతులో కోపం కన్నా వింత ఎక్కువగా ఉంది. "ఆయన తలూపాడండీ. నేను చూశా. తలూపాక కూడా చెప్పాలా?"

"తలూపాడు గనకే చెప్పానండీ."

జూన్‌లో గదికి తెల్ల సున్నం వేసి కంప్యూటర్లు దింపారు. పిల్లలు చెప్పులు బయట వదిలి లోపలికి వెళ్లేవారు. వాళ్లలో చాలామందికి దానివల్ల బతుకుతెరువు దొరికింది, అది కాదనలేం. బరువుల పెట్టె, రంగుల చక్రం మేడమెట్ల కిందికి చేరాయి. మరి మూడేళ్లకు గ్రూపు కూడా ఎత్తేశారు. ఆయన మిగిలిన సర్వీసు ఇతర తరగతులకు ఇంగ్లీషు చెబుతూ గడిపారు.

గది పోయాక చాలా నెలలు ఆయన ప్రత్తిపాడు వెళ్లలేదు. ప్రయోగమే లేనప్పుడు ఏ పనిమీద వెళ్లడం అనుకున్నారు. ఆదివారాలు తన వాటా తలుపు దగ్గరగా వేసుకుని చదువుకునేవారు. చదివింది సాయంత్రానికి గుర్తుండేది కాదు. కొండమ్మ దేనికి భయపడి అబద్ధమాడిందో అది నిజం బయటపడ్డాక తనవల్లే జరిగిందని ఆయనకు తట్టడానికి వానాకాలం మొత్తం పట్టింది.

దసరా వెళ్లాక ఒక ఆదివారం బస్సెక్కారు. చేలల్లో మిరప మోకాలెత్తు లేచి ఉంది. నాగజ్యోతి దూరం నుంచే చూసి లోపలికి కేకేసింది. కొండమ్మ అరుగు మీదికి వచ్చి కూర్చుంది. తల దువ్వుకోలేదు. ఏమైపోయారని అడగలేదు.

"ఇంక కొలిచేదేమీ లేదమ్మా. ఆ పని అయిపోయింది."

"మరెందుకొచ్చారు సారూ?"

ఆయన చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నారు. మంట ఉందా, తగ్గిందా, ఏ వేలు, ఎంత అని నోటికొచ్చిన ప్రశ్నలన్నిటిలో జవాబు ముందే ఉంది. వాటిని ఒక్కొక్కటే మింగి, "ఎలా ఉందమ్మా?" అన్నారు.

కొండమ్మ కొంగు కింద చూసుకుంది. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయన తొందరపెట్టలేదు.

"ఇయ్యాల మంట కాదు సారూ" అంది. "ఎవురో పట్టుకుని వదలనట్టుంది."

అది బజ్జీకాయకు దగ్గరో సన్నాలకు దగ్గరో ఆయన అడగలేదు. బస్సు వచ్చి వెళ్లిపోయిన చప్పుడు రోడ్డు మీద వినిపించింది. ఇద్దరూ అక్కడే కూర్చుని ఉన్నారు.